చిటికెనవేలంత సందు

చేతిలో పని పక్కన పెట్టి ఇలా జరగండి. ఇంకాస్త దగ్గరికి. వీధంతా వినబడేలా చెప్పే కథ కాదిది. ఒకరి చెవిన వేస్తే, వాళ్ళు మరొకరి చెవిన వేస్తే, అలా నిలిచే కథ. మిషను కథే గానీ బెదిరిపోకండి. చీకట్లో గుమ్మం తడుముకుని ఇంట్లోకి వెళ్ళినవాళ్ళెవరికైనా ఈ మిషను అర్థమవుతుంది.

గాజువాక ఆటోనగరు ఉంది కదా, అందులో వెనక వరసలో కూర్మారావు గారి షెడ్డు. ఆయన ఓడలు కట్టేచోట ఇంజనీరుగా చేసి, ఉద్యోగం చాలించాక ఊరికే కూర్చోలేక ఆ షెడ్డు పెట్టారు. ఇనుము అలిసిపోతుందని ఆయన దిగులు. ఏళ్ళ తరబడి బరువు మోసిన ఇనుములో కంటికి కనబడని చీలికలు పుడతాయట, ఏదో ఒకనాడు పటుక్కున విరుగుతుందట. ఆ అలసట పోగొట్టాలని రాగితీగ చుట్టలు చుట్టి, వాటిలో కరెంటు పారించి, ఏవేవో చేస్తుండేవారు. ఒకనాడు పగులిచ్చిన బోల్టొకటి ఆ చుట్టలోంచి పగులు లేకుండా బయటికి వచ్చింది. మురిసిపోయారు. రెండోసారి పెడితే ఒంటి మీద మరల గాట్లే లేకుండా వచ్చింది. మూడోసారికి అది బోల్టు కూడా కాదు, ఉత్త కడ్డీ ముక్క. అప్పుడు ఆయనకి అర్థమైంది. చుట్ట దాన్ని బాగుచెయ్యడం లేదు. వెనకటి రోజులకి తీసుకుపోతోంది.

ఆ చుట్టని ఒక సి.ఎన్.సి. మిషను మీద ఎక్కించారు. అంటే మనిషి చక్రం తిప్పకుండా, కంప్యూటరు చెప్పినట్టు తనంతట తాను కదిలే మిషనన్నమాట. చుట్ట పట్టాల మీద ఎంత దూరం జరిగితే లోపలున్నది ఏళ్ళలో అంత వెనక్కి పోతుంది. షెడ్డులో అందరూ దానికి వెనక్కి మిషను అని పేరు పెట్టేశారు.

మరి ఎక్కడ ఆగాలో దానికెలా తెలియాలి? దానికి కళ్ళు లేవు. కరెంటు పోయి వస్తే తానెక్కడున్నదీ మరిచిపోతుంది. అందుకని ఆగవలసిన చోట, బెడ్డు అనే ఇనప బల్ల కింద, ఒక సెన్సరు బిగిస్తారు. బొటనవేలంత ఇత్తడి గొట్టం. దాని ముక్కుకి ఇనుము వాసన తెలుస్తుంది. చుట్టతోపాటు కదిలే ఇనప బిళ్ళ ఆ ముక్కు ముందుకి వచ్చిందంటే, మధ్యన గోరు మందం సందున్నా సరే, పసిగట్టి చిన్న పసుపు దీపం వెలిగిస్తుంది. దీపం వెలిగిందా, మిషను ఆగిపోతుంది. ఇదే నా ఇల్లు అనుకుంటుంది. ఇలా ఇల్లు వెతుక్కోవడాన్నే వాళ్ళు హోమింగ్ అంటారు.

ఆ తీగలూ సెన్సర్లూ చూసేవాడు తవిటినాయుడు. మంచి పనివాడు. ప్యానెలు తలుపు తెరిచాడంటే ఏ తీగ ఎక్కడికి పోతుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. అతనికి పని నేర్పినవాడు సూరప్పడు, సొంత మేనమామ. పిల్లనిచ్చిన మామ కూడా ఆయనే. సూరప్పడిది చేతి పని. మిషను బెడ్డు మీద నీలిరంగు పూసి, ఎక్కడ మిట్ట ఉందో చూసి, వెంట్రుకలో సగం మందం గీకి తీసి చదును చేసే పని. కొలిచే సాధనాలు ఆయన తర్వాతే. వేలికొసతో ఇలా రాసి, "ఇక్కడ ఇంకా ఉబ్బున్నాది" అనేవాడు. కొలిస్తే నిజంగానే ఉండేది.

అలాంటి కుడిచెయ్యి కొంకర్లు పోయింది. ఏళ్ళ తరబడి గీకి గీకి వేళ్ళ కణుపులు వాచి, మూడు వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయాయి. అన్నం కూడా కలుపుకోలేడు. పెళ్ళాం గున్నమ్మ ముద్దలు చేసి నోట్లో పెట్టేది.

"ఎన్నాళ్ళే ఈ సిగ్గు? ఊయల్లో పిల్లడికెట్టినట్టు ఎడతన్నావు," అనేవాడు.

"అప్పుడు మీయమ్మెట్టినప్పుడు లేని సిగ్గు ఇప్పుడెక్కడినించొచ్చీసినాదో! నోరు తెరు," అనేది గున్నమ్మ.

కూర్మారావు గారు ముందు తన బొటనవేలే ఆ చుట్టలో పెట్టి చూసుకున్నారు. పాత కాలిన మచ్చ పోయింది. దానితోపాటు ఇంకేం పోయిందో ఆయన వెతకలేదు. ఒక బొటనవేలికి ఏం తెలుసని వెతుకుతారు? ఆ మచ్చ లేని వేలు చూశాక సూరప్పడు ఆయన్ని కూర్చోనివ్వలేదు.

"బాబుగారూ, నా సెయ్యి కూడా ఎట్టీయండి. ముడుసుకోక ముందుకి, మూడేళ్ళెనక్కి తిప్పీయండి సాలు. మా అల్లుడుండగా నాకేటి బయం?"

ఆ మాటకి తవిటినాయుడి ఛాతీ ఎంత ఉబ్బిందో!

దసరా వచ్చింది. ఆ షెడ్డులో ఒక అలవాటుంది. ఏడాది పొడుగునా మిగిలిన పల్చటి రేకు ముక్కల్ని ఆయుధ పూజ నాడు తలా ఒక నక్షత్రంగా కత్తిరిస్తారు. ఎవరి నక్షత్రం వంకరైతే వాళ్ళని ఏడిపిస్తారు. తవిటినాయుడి పెళ్ళాం పైడమ్మ వాటిని బంతిపూల మధ్యన గుచ్చి మిషనుకి దండ వేస్తుంది. ఆమె సూరప్పడి ఒక్కగానొక్క కూతురు. మూడోనాడు కూర్మారావు గారు కొబ్బరికాయ కొట్టి ఉద్వాసన చెప్పేదాకా ఆ దండ ఎవరూ తియ్యకూడదు.

పూజ మర్నాడు, మామ చెయ్యి పెట్టే ముందు ఒకసారి పరీక్ష చెయ్యాలని ఇనప కడ్డీ పెట్టి మిషను నడిపారు. చుట్ట సగం దూరం పోయి టక్కున ఆగింది. మళ్ళీ నడిపారు. ఈసారి పావు దూరంలోనే ఆగింది. ఇల్లు రాకుండానే ఇల్లొచ్చిందంటోంది.

తవిటినాయుడు ప్యానెలు తెరిచాడు. మీటరు పెట్టి చూశాడు. గోధుమరంగు తీగలో కరెంటు సరిగానే ఉంది. నీలం తీగ సరిగానే ఉంది. దీపం కబురు మోసుకొచ్చే నల్లతీగ మాత్రం ఉండుండి ఉలిక్కిపడుతోంది. బిళ్ళ ఎక్కడో దూరాన ఉంటే, ఉంది, లేదు, ఉంది, లేదు అంటోంది. మరలన్నీ బిగించాడు. తీగ మార్చాడు. మోటారు తీగ పక్కనించి పోతున్నందుకు దాని అదురు దీనికి తగులుతోందేమోనని విడదీసి వేరే దారిన తెచ్చాడు. తీగ చుట్టూ ఉండే జల్లెడ తీగని ఎర్తుకి కలిపాడు. చొక్కా తడిసి ఒంటికంటుకుంది. పైన ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. నల్లతీగ ఉలికిపాటు మాత్రం పోలేదు.

పైడమ్మ మంచినీళ్ళు తెచ్చింది. "ఏటి బావా, పొద్దుటినుంచి హోమింగు, హోమింగు అంటన్నావు. నెయ్యేటైనా తేవాలేటి?" అని నవ్వింది.

"నీకు నవ్వులాటగా ఉన్నాది. మీ అయ్య సెయ్యి ఎట్టాలిందులోన."

ఆమె నవ్వు మాని మిషను చుట్టూ చూసింది. "దండ తోక కిందకి జారిపోనాది. తీసి పైకి సుట్టీనా?"

"ముట్టుకోకు. ఉద్వాసన కానీ."

చూశారా? అడిగింది ఆమె. వద్దన్నది అతను. ఫ్యాను గాలికి ఆ దండ తోక బెడ్డు కింద ఊగుతోంది. ఊగినప్పుడల్లా రేకు నక్షత్రం ఒకటి సెన్సరు ముక్కు ముందుకి వచ్చి పోతోంది. రేకూ ఇనుమే కదా! సెన్సరు తన పని తాను సరిగ్గానే చేస్తోంది. తీగల్లో తప్పేమీ లేదు. కానీ తీగల మనిషికి తప్పంతా తీగల్లోనే కనబడుతుంది.

చివరికి షెడ్డుల్లో అందరూ చేసే చిట్కా చేశాడు తవిటినాయుడు. ఊరికే ఉలిక్కిపడే సెన్సరుని కాస్త వెనక్కి లాగితే దానికి దూరపు వాసనలు తెలియవు. బెడ్డు కింద వెల్లకిలా పడుకుని, చేతితో తడుముకుంటూ నట్టు వదులుచేసి ముక్కుని వెనక్కి లాగి బిగించాడు. అలా లాగినప్పుడు సందులో గేజీ అనే కొలతరేకు పెట్టి కొలవాలని నేర్పింది మామే. గేజీ పెట్టాలంటే దండ తియ్యాలి. దండ తియ్యకూడదు. పెట్టలేదు.

మిషను నడిపితే బిళ్ళ వచ్చింది, దీపం వెలిగింది, చుట్ట మూడేళ్ళకని గుర్తు పెట్టిన గీత మీద సరిగ్గా ఆగింది. మళ్ళీ నడిపితే మళ్ళీ అక్కడే.

"కుదిరిపోనాది మావా!" అని అరిచాడు.

ఎలా కుదిరిందో చెబుతాను వినండి. బిళ్ళ వస్తూ వస్తూ దండ తోకని తోసుకొచ్చి, ఆ రేకు నక్షత్రాన్ని సెన్సరు ముక్కుకి అదిమింది. దీపం వెలిగింది నక్షత్రాన్ని చూసి. బిళ్ళని చూసి కాదు. బిళ్ళ ఇప్పుడు ఆ ముక్కుకి అందనంత దూరంలో ఉంది.

ఆ మర్నాడు పొద్దున్నే అందరూ షెడ్డుకి వచ్చారు. సూరప్పడు తలంటుకుని కొత్త చొక్కా వేసుకున్నాడు. పైడమ్మ అందరికంటే ముందు వచ్చి ఊడ్చి నీళ్ళు చల్లింది. చూస్తే దండ పూలు కమిలాయి, పూజనాటి పానకం చుక్కలు పడ్డ చోట చీమలు బారులు తీరాయి. ఆ బారు చుట్ట దాకా పోతోంది. అయ్య కాసేపట్లో అందులో చెయ్యి పెట్టి కదలకుండా ఉండాలి కదా, చీమ కుడితే ఉలిక్కిపడడూ? కళ్ళకద్దుకుని దండ తీసి, తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, దండని దేవుడి పటం దగ్గర పెట్టింది.

సూరప్పడు చుట్టలో చెయ్యి పెట్టాడు. కూర్మారావు గారు పచ్చగుండీ నొక్కారు. ఎర్రగుండీ మీద తవిటినాయుడి అరచెయ్యి ఆనుకునే ఉంది, ఏదన్నా అయితే నొక్కడానికి. చుట్ట కదిలింది. అతని కళ్ళు దీపం మీద ఉన్నాయి. చుట్ట మీద కాదు, మామ మొహం మీద కాదు, దీపం మీద. ఇప్పుడు వెలుగుతుంది, ఇదిగో ఇప్పుడు వెలుగుతుంది అని చూస్తూనే ఉన్నాడు. చుట్ట గీత దాటింది. కూర్మారావు గారు "నాయుడూ!" అని కేకపెట్టారు. అతను గుండీ నొక్కేలోపే చుట్ట పట్టాల చివరిదాకా పోయి ధన్ మని కొట్టుకుంది.

సూరప్పడు చెయ్యి బయటికి తీశాడు.

మణికట్టు దాకా నెరిసిన వెంట్రుకలు, ముడతలు పడ్డ నల్లటి చర్మం. ఆ కింద ఆరేళ్ళ పిల్లవాడి చెయ్యి. ముంజెలా మెత్తగా, చిన్నగా, గోళ్ళ కింద గులాబీ రంగుతో. వేళ్ళు ముడుచుకుని లేవు. చక్కగా విచ్చుకున్నాయి. ఆయన దాన్ని తన కళ్ళ ముందు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"నొప్పి నేదు," అన్నాడు. "నొప్పయితే ఏటీ నేదు గానీ... ఇదెవుడి సెయ్యిరా అల్లుడూ?"

అప్పుడు గున్నమ్మ చూపు మిషను మీద పడింది. "దండేదీ?"

పైడమ్మ దేవుడి పటం వైపు చూపించింది. "చీమలట్టినాయని... నానే తీసినాను."

"ఉద్వాసన కాకుండానే? ఓలమ్మో! ఓలి దౌర్భాగ్యురాలా! నీ సేతుల్తోటే మీ అయ్యకి ఇలగ సేసినావా?"

పైడమ్మ మొగుడి వైపు తిరిగింది. "నువ్వొద్దన్నావు బావా. ముట్టుకోకన్నావు. నాను ఇన్నేదు," అంది.

అతని కళ్ళు ఇంకా ఆ వెలగని దీపం మీదే ఉన్నాయి. అప్పటికి అతనికీ తెలియదు. ఆ ఒక్క పూట దాకా అతనూ అమాయకుడే.

మధ్యాహ్నం అందరూ వెళ్ళిపోయాక లైటు పట్టుకుని బెడ్డు కిందకి దూరాడు. తీగలన్నీ చూశాడు. బాగున్నాయి. బిళ్ళని తోసుకొచ్చి సెన్సరు ముందు నిలబెట్టాడు. దీపం వెలగలేదు. రెంటి మధ్యా వేలు పెట్టి చూశాడు. చిటికెనవేలు ఇటునించి అటు దూరిపోయింది. గోరు మందం ఉండవలసిన చోట చిటికెనవేలంత సందు. పక్కనే నూనెకి అంటుకుని రాలిన రేకు నక్షత్రమొకటి మెరుస్తోంది. దాన్ని తీసి ఆ సందులో పెట్టాడు. పసుపు దీపం వెలిగింది.

అక్కడ అలా పడుకుని ఎంతసేపున్నాడో. పైకి లేచి ఆ మాట చెప్పేస్తే ఈ కథ అక్కడితో అయిపోయేది. చెప్పాలనే లేచాడు కూడా. లేచే ముందు నట్టు తిప్పి, ముక్కుని ముందుకి తెచ్చి, గేజీ పెట్టి, సరిగ్గా గోరు మందానికి బిగించాడు. బిగించాక చూస్తే తప్పు కనబడటం లేదు. కనబడని తప్పుని ఎలా చెప్పడం? రేపు చెబుదాం అనుకున్నాడు.

ఆ రేపు వచ్చేసరికి గున్నమ్మ కొత్త దండ గుచ్చి, ఈసారి పైన ఎత్తుగా కట్టి, "ఇప్పుడు నడపండి బాబుగారూ," అంది. కడ్డీ పెట్టి నడిపితే మిషను గీత మీద ఆగింది. ఎందుకు ఆగదు? నట్టు సరిచేసి ఉంది కదా! కూర్మారావు గారు పూజలకి దూరంగా ఉండే మనిషే. ఆయన కూడా ఆ రోజు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నాకేమీ అర్థం కావడం లేదు గున్నమ్మా. దండ ఉంటే ఆగుతోంది, మాట నిజమే," అన్నారు. అంతే. ఆటోనగరంతా పాకిపోయింది. పైడమ్మ దండ తీసింది, తండ్రి చెయ్యి పోయింది.

తప్పు దాచడానికి అతను తిప్పిన నట్టే ఆమె మీద సాక్ష్యం చెప్పింది.

సూరప్పడి చెయ్యి సంగతి చెప్పాలి మీకు. ఆ చేతికి పని తెలియదు. బెడ్డు మీద పెడితే మిట్ట తెలియదు, పల్లం తెలియదు, తప్పెట వాయించినట్టు టపటపా కొట్టేది. ఆయన వద్దనుకున్నా కొట్టేది. బస్సు కోసం నిలబడితే పక్కన ఎవరుంటే వాళ్ళ వేలు పట్టుకునేది. ముసలాయన సిగ్గుతో లాక్కుంటుంటే ఆ చెయ్యి వదిలేది కాదు. అన్నం మాత్రం తినేది, చిన్న చిన్న ముద్దలు, సగం కింద పోసుకుంటూ. "మనవలు నేరని బెంగ తీరిపోనాది. ఒక సెయ్యైనా పుట్టినాది," అని జోకు వేసేవాడు. నవ్వినవాళ్ళు వెళ్ళిపోయాక గోడవైపు తిరిగి కూర్చునేవాడు.

తవిటినాయుడు ఎదురుగా కూర్చుంటే ఆ చెయ్యి అతని చూపుడువేలు పట్టుకునేది. పట్టుకుని మెల్లగా ఊపేది. అతను ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి పోయేవాడు.

పైడమ్మని గున్నమ్మ దేవుడి గదిలోకి రానివ్వడం మానేసింది. దీపం ముట్టనివ్వలేదు. తల్లి అంతమాటంటే కూతురేం చేస్తుంది? తనకి తానే ఇంకా పెద్ద శిక్ష వేసుకుంది. దండ తీసిన కుడిచేతికి పాత గుడ్డ చుట్టి కట్టేసుకుంది. ఇక దానితో ఏమీ ముట్టనంది. ఎడమచేత్తోనే తుడవడం, ఎడమచేత్తోనే వండడం. కూర మాడేది, గిన్నె జారేది. పొద్దున్నే స్నానం చేసి వచ్చి ఆ చెయ్యి మొగుడి ముందుకి చాపేది, ఒంటిచేత్తో ముడి వేసుకోలేదు కదా.

"కట్టు బావా."

"ఎందుకే ఇది? ఇప్పీ."

"మా అయ్యకి నేని సెయ్యి నాకెందుకు? గట్టిగా కట్టు."

అతను కట్టేవాడు. రోజూ పొద్దున్నే, చెబుదామనుకుంటూ కట్టేవాడు. ముడి పడేసరికి మాట లోపలికి పోయేది. భయమా? మామ మొహం ఎలా చూడాలన్న భయమే. పనివాడన్న పేరు పోతుందన్న భయమూ ఉంది. ఇన్నాళ్ళు చెప్పలేదేం అంటే ఏమనాలన్న భయం అన్నిటికంటే పెద్దది. మొదటిరోజు లేని భయం అది. రోజూ కాస్త కాస్త పెరిగింది.

మళ్ళీ దసరా వచ్చింది.

చెయ్యి పోయిన నాటినించీ వెనక్కి మిషనులో మనిషినెవరినీ పెట్టలేదు కూర్మారావు గారు. అయినా ఆయుధ పూజ నాడు ప్రతి మిషన్నీ ఒకసారి వట్టిగా నడపడం రివాజు కాబట్టి, దానిమీది పరదా తీసి కరెంటు ఇచ్చారు. గున్నమ్మ దండ వేసింది. పైడమ్మని గేటు బయటే ఉండమన్నారు. హారతి ఇస్తుండగా ఆమె లోపలికి వచ్చింది. ఎవరి వైపూ చూడలేదు. తిన్నగా వెళ్ళి, గుడ్డ కట్టిన కుడిచెయ్యి ఆ చుట్టలో పెట్టేసింది.

"పైడమ్మా! ఏమిటిది? చెయ్యి తియ్యి," అన్నారు కూర్మారావు గారు.

"ఆ సెన్సరు తీసీయండి బాబుగారూ. చివరికంటా పోనీయండి. మా అయ్యకెంతున్నాదో నాకూ అంతే సెయ్యండి. తల్లీ తండ్రీ అప్పుడైనా నా మొకం సూస్తారు."

సూరప్పడు లేచాడు. "ఒసే పిచ్చిదానా! నిన్ను నానేటన్నానే?"

"ఏటీ అన్నేదు. ఏడాది బట్టి నాతోటి ఏటీ అన్నేదు అయ్యా నువ్వు!"

అని, ఎడమచెయ్యి పచ్చగుండీ మీద పెట్టింది.

తవిటినాయుడు ఎలా దూకాడో అతనికే తెలియదు. ఎర్రగుండీ మీద గుద్దాడు. మిషను చచ్చినట్టు ఊరుకుంది. ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు.

"దండ కాదు," అన్నాడు. మళ్ళీ అన్నాడు. "దండ కాదే పైడీ. నట్టు. నాను తిప్పిన నట్టు."

దండలోంచి ఒక నక్షత్రాన్ని తెంపి బెడ్డు కిందకి వంగి సెన్సరు ముక్కు దగ్గర పెట్టాడు. దీపం వెలిగింది. తీశాడు, ఆరింది. పెట్టాడు, వెలిగింది. అలా ఆరుస్తూ వెలిగిస్తూనే అంతా చెప్పాడు. ఫ్యాను గాలి, నల్లతీగ, వెనక్కి లాగిన ముక్కు, పెట్టని గేజీ, మధ్యాహ్నం లైటు, చిటికెనవేలు. దండ ఆ పొద్దున తియ్యకపోయినా, ఉద్వాసనయ్యి తీశాక ఎవరి చెయ్యి పెట్టినా ఇలాగే అయ్యేదని చెప్పాడు. చెప్పడం అయిపోయాక కూడా దీపం వెలిగిస్తూ ఆరుస్తూ అక్కడే వంగి ఉన్నాడు, తలెత్తలేక.

కూర్మారావు గారు స్టూలు మీద కూలబడ్డారు. "నేనడగలేదు నాయుడూ. గేజీ పెట్టావా అని ఒక్క మాట నేనూ అడగలేదు," అన్నారు. గున్నమ్మ హారతి పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కర్పూరం ఆరిపోయింది.

పైడమ్మ చేతి కట్టు పళ్ళతో విప్పుకుంటోంది. ముడి గట్టిగా ఉంది. విప్పడానికి చాలాసేపు పట్టింది.

"నాను చీమల్ని సూసినాను బావా," అంది నెమ్మదిగా. "నువ్వు నన్ను సూసినావు. రోజూ పొద్దున్నే సూసినావు. సూసి, ముడేసినావు."

అతను వంగిన చోటే నక్షత్రాన్ని నేల మీద పెట్టేశాడు.

సూరప్పడు వచ్చాడు. "లేరా," అన్నాడు. తవిటినాయుడు లేచి నిలబడ్డాడు. ఒకప్పుడు ఆ మామ చెంపదెబ్బ కొడితే మూడు రోజులు చెవి గింగురుమనేది. స్పానరు తప్పు పట్టుకుంటే కొట్టేవాడు, తీగ కొస వదిలేస్తే కొట్టేవాడు. ఇప్పుడూ ఆయన కుడిచెయ్యి ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి అల్లుడి చెంప మీద కొట్టాడు.

పసిపిల్లాడు కొట్టినట్టుంది. దెబ్బ తగల్లేదు. తగలకపోగా, ఆ చెయ్యి అక్కడే, అతని చెంప మీదే ఉండిపోయింది. మెత్తగా, వెచ్చగా. గడ్డం గరుకుగా తగిలినందుకు కాబోలు వేళ్ళు మెల్లగా నిమురుతున్నాయి. సూరప్పడి మొహం కోపంతో అదురుతోంది. చెయ్యి మాత్రం నిమురుతోంది. తవిటినాయుడు అప్పుడు ఏడ్చాడు. దెబ్బ తగిలి ఉంటే ఏడ్చేవాడు కాదు.

కూర్మారావు గారు ఆ చుట్ట తీగంతా తన చేత్తోనే విప్పేశారు. మళ్ళీ చుట్టలేదు. పైడమ్మ పుట్టింటికి వెళ్ళింది. గున్నమ్మే వచ్చి చెయ్యి పట్టుకుని దేవుడి గదిలోకి తీసుకుపోయి, దీపం వెలిగించమని అగ్గిపెట్టె ఇచ్చి, తాను గుమ్మం బయట కూర్చుని ఏడ్చిందట. కొన్నాళ్ళకి పైడమ్మ మొగుడి దగ్గరికి తిరిగి వచ్చింది. అన్నం వండింది, పక్కన కూర్చుంది, మాట్లాడింది. బావా అనడం మాత్రం మానేసింది. ఏవయ్యా అనేది. అతను ఆ పిలుపుకే పలికేవాడు.

రోజూ సాయంత్రం తవిటినాయుడు మామ ఎదురుగా కూర్చుని ఆ చిన్న చేతికి చిన్న స్క్రేపరు పట్టించి గీకడం నేర్పేవాడు. మామ నోటితో చెప్పేవాడు, అల్లుడు ఆ వేళ్ళు పట్టుకుని దిద్దేవాడు. సూరప్పడు పోయేనాటికి ఆ చెయ్యి పడుచువాడి చెయ్యయింది. పని కొద్దిగా వచ్చింది. మునుపటంత రాలేదు. వచ్చిందని చెబితే అబద్ధమవుతుంది.

తవిటినాయుడు తన తప్పు ఆటోనగరులో షెడ్డు షెడ్డుకీ తిరిగి చెప్పాడు. విన్నారు. అయ్యో అన్నారు. కానీ నట్టు కథ కంటే దండ కథ చెప్పుకోవడానికి బాగుంటుంది కదా! అందుకే ఇప్పటికీ అక్కడ ఏ మిషను మొరాయించినా, "పైడమ్మలా దండ తీసినార్రా ఎవుడైనా?" అంటూనే ఉన్నారు. ఆమె పోయి ఎన్నాళ్ళయినా అంటూనే ఉన్నారు.

అందుకే దగ్గరికి రమ్మన్నాను. ఇది గుర్తు పెట్టుకోండి. ఎక్కడైనా ఎవరైనా ఆ దండ కథ మొదలెడితే తల ఊపి ఊరుకోకండి, ఆపి ఇది చెప్పండి. నట్టు తిప్పినది తవిటినాయుడని చెప్పండి, ఏడాదిపాటు ముడి వేసినదీ అతనేనని చెప్పండి, చివరికి నోరు విప్పినదీ అతనేనని చెప్పండి. ఇక పైడమ్మ అంటారా, తండ్రి చేతికి చీమ కుట్టకూడదనుకుంది. ఆమె చేసిందల్లా అంతే. అంతే అని చెప్పండి.